గీతకు ఏ పక్క కొయ్యాలి

మా ఇంట్లో గీత నాది, కోత మా ఆయనది. కాపురానికి వచ్చిన కొత్తలోనే ఇది ఇలా ఏర్పడింది. మా మామగారు కూడా వడ్రంగే. ఒకరోజు నేను అరుగు మీద కూర్చుని జాకెట్టు గుడ్డ కత్తిరిస్తుంటే వెనక నిలబడి చూశారు. సుద్దముక్కతో ఒక్కసారి గీసి, ఆ గీత మీదే కత్తెర నడిపాను. మర్నాడు ఒక చెక్క, మూలమట్టం తెచ్చి నా ముందు పెట్టి, "ఇక్కడ అడ్డంగా ఒక గీత గియ్యమ్మా" అన్నారు. గీశాను. వెంటనే కొడుకుని కేకేశారు.

"ఒరేయ్, ఇకమీదట ఈ అమ్మాయి గీస్తుంది, నువ్వు కొయ్యి. నీ గీత మీద ఎడ్లబండి తోలచ్చు."

మా ఆయన నవ్వి ఊరుకున్నారు. ఆయనకి కోత ఇష్టం, కొలత అంటే విసుగు. అంచేత ఎవరికీ బాధ లేకుండా పోయింది.

నేను మూడో తరగతి దాకా చదివాను. కూడికలు, తీసివేతలు వచ్చాయి. సగాలు, పావులు చెప్పకముందే బడి మాన్పించారు. వడ్రంగం పనిలో అంగుళాన్ని ఎనిమిది నూళ్లు చేసి లెక్కపెడతారు. మూడు నూళ్లు, అయిదు నూళ్లు, అందులో మళ్లీ అర నూలు. టేపు మీద అంకె చదివి, నోట్లో అనుకుంటూ చెక్క దగ్గరికి నడిచేలోపు ఎవరో ఒకరు "ఏం వదినా, వంటయిందా" అంటారు. అంకె కాస్తా ఎగిరిపోతుంది. అందుకని నేను అంకెలు మొయ్యను. ఏ పనికి ఆ పనికి ఒక కొలతబద్ద చేసుకుంటాను. సన్నటి వెదురుబద్ద చాలు. దాన్ని గుమ్మంలో అడ్డంగా పెట్టి, ఎంతవరకు పట్టిందో అక్కడ కత్తితో గాటు పెడతాను. నిలువుగా పెట్టి, అడ్డ చెక్క ఎక్కడ రావాలో, గడియ ఎక్కడ రావాలో అక్కడ ఇంకో గాటు. ఇంటికి తెచ్చి ఆ గాట్లే చెక్క మీదకి దించుకుంటాను. ఆ పని అయ్యాక రెండో అంచు ఇంకో పనికి వాడతాను. ఆ తరవాత పొయ్యిలోకి.

టేపు మా ఇంట్లో లేకపోలేదు. దాని కొసనున్న కొక్కెం కాస్త కదులుతుంటుంది. అది కావాలనే అలా చేస్తారట. కావాలని చేసినా కదిలేది కదిలేదే. దాన్ని నేను నేల కొలవడానికి వాడతాను.

పెన్సిలు కూడా అంతే. ఎంత చెక్కినా దాని గీతకి మందం ఉంటుంది. రంపం ఆ మందంలో ఎక్కడ దిగాలో కోసేవాడు తేల్చుకోవాలి. కత్తి గీత వెంట్రుకంత సన్నం. నా కత్తి కొన్నది కాదు. విరిగిన హాక్సా బ్లేడు ముక్కని ఒక పక్కే సానబట్టి, పట్టుకునే చోట సైకిలు ట్యూబు చుట్టాను. సానపట్టని పక్కని మూలమట్టానికి ఆనించి లాగితే గీత కదలదు. మొదట మెల్లగా ఒకసారి, ఆ తరవాత కొంచెం గట్టిగా ఒకసారి. మొదటిసారే గట్టిగా నొక్కితే కత్తి చెక్కలోని నార వెంట పారిపోతుంది. అంచు వెంట నిలువుగా గీయడానికి గీటుకొయ్య ఉంది. ఒక కర్ర, దాని మీద జరిగే చెక్క బిళ్ల, కర్ర కొసన మేకు మొన. బిళ్లని చెక్క అంచుకి ఆనించి తోస్తే మేకు గీసుకుంటూ పోతుంది. మేకు మొద్దుబారితే చెక్కని చింపుతుంది. ఆకురాయితో రెండుసార్లు రాస్తే సరిపోతుంది. ఈ మాత్రం దానికి కొత్తది ఎందుకు కొంటారో నాకు తెలియదు.

ఇలా చాలా ఏళ్లు సాగింది. మొన్న ఎండాకాలంలో మా ఆయన కుడి భుజం పట్టేసింది. తల దువ్వుకోవడానికి కూడా చెయ్యి లేవదు. డాక్టరు గారు వ్యాయామం చెయ్యమన్నారు గానీ రంపం పట్టుకోవద్దన్నారు. సరిగ్గా అప్పుడే ఒక తలుపు పని ఒప్పుకుని ఉన్నాం.

ఆ తలుపు కొవ్వూరులో ఉండే ఒక టీచరు గారిది. రిటైరయ్యారు. వాళ్ల అమ్మగారి పెంకుటిల్లు విప్పేస్తే వచ్చిన టేకు దూలాలు ఆమె మా షెడ్డుకి పంపించారు. వాటితో కొత్త ఇంటికి రెండు రెక్కల తలుపు చెయ్యాలి. "వేరే కర్ర కలపకండి. మా అమ్మ ఇంటి కర్రే కావాలి" అన్నారు. పాత మేకులు, చెద తిన్న చోట్లు తీసేస్తే దూలాల్లో తలుపుకి సరిపడా మాత్రమే దక్కింది. ఒక్క చెక్క చెడితే దానికి బదులు పెట్టడానికి ఇంకోటి లేదు.

మా కోడలు అప్పట్లో రొయ్యల కంపెనీకి వెళ్లేది. పొద్దున్నే వ్యాను వచ్చి తీసుకెళ్తుంది. రోజంతా ఐసులో చేతులు పెట్టి రొయ్యలు ఒలవాలి. వేళ్ల సందులు ఒరిసిపోయి పుళ్లు పడేవి. రాత్రి అన్నంలో చారు పోసుకుంటే మండి, చెంచాతో తినేది. మా అబ్బాయి లారీ మీద ఊళ్లు తిరుగుతాడు, వాడికి ఇవేమీ తెలియవు. ఒకరోజు ఆ పిల్ల వ్యాను వచ్చినా ఎక్కలేదు. షెడ్డులోకి వచ్చి నిలబడింది.

"అత్తయ్యగారూ, తలుపు నేను కోస్తానండి."

ఆ పిల్లది సముద్రం ఒడ్డు. కాకినాడ అవతల వాళ్ల నాన్న నావలు బాగుచేసేవాడు. చిన్నప్పుడు తండ్రితో రంపం లాగింది. అంతమాత్రాన వడ్రంగం వచ్చేసినట్టు కాదు.

"నావకి తారు పూస్తే కంతలు కనపడవు. తలుపుకి పుయ్యడానికి ఏముంది?" అన్నాను.

"నావలో కంత ఉంటే నీళ్లొస్తాయండి. తలుపులో ఉంటే గాలే కదండీ వచ్చేది."

మా ఆయన ముక్కాలి పీట మీద కూర్చుని భుజానికి వేడినీళ్ల సీసా అదుముకుంటున్నారు. ఆ మాటకి కిసుక్కున నవ్వారు. నేను నవ్వలేదు.

"సరే. ఈ తలుపు ఒక్కటీ చూస్తాను. కుదిరిందా, ఇక్కడే ఉండు. చెడిందా, మళ్లీ వ్యాను ఎక్కాలి. తరవాత ఏడిస్తే నేను వినను."

"అలాగేనండి."

కంపెనీ సూపర్‌వైజరు ఫోన్ చేస్తే జ్వరం అని చెప్పింది. నేను అబద్ధాలు ఒప్పుకోను గానీ ఆ ఫోను నాది కాదు కాబట్టి ఊరుకున్నాను.

ముందు ఒక పనికిరాని ముక్క మీద కోయించి చూశాను. రంపం సరిగ్గానే నడిపింది. మొదట వెనక్కి లాగి గాడి చేసుకుని, ఆ తరవాత ముందుకు తోసింది. మోచెయ్యి పక్కకి పోలేదు. అప్పుడు తలుపు చెక్కలు బల్ల మీద పరిచాను. ఒక్కో రెక్కకి అటూ ఇటూ నిలువు చెక్కలు, వాటి మధ్య అడ్డ చెక్కలు. అడ్డ చెక్కకి రెండు కొసలా సన్నటి కుసి చెయ్యాలి. నిలువు చెక్కలో తొలిచిన కన్నంలోకి ఆ కుసి దూరుతుంది. కుసి ఎక్కడ మొదలవుతుందో ఆ చోట గీసే గీతే తలుపు వెడల్పుని తేలుస్తుంది. కొలతబద్ద నుంచి గాట్లు దించుకుని, మూలమట్టం పెట్టి, చెక్క నాలుగు ముఖాల మీదా కత్తితో గీశాను. ప్రతి గీతకీ ఒక పక్క ఎప్పుడూ పెట్టే గుర్తు పెట్టాను. "ఇక కొయ్యి" అని చెప్పి వంటకి వెళ్లిపోయాను. మా ఆయనతో కలిసి పనిచేసినన్నాళ్లూ ఇంతకు మించి చెప్పింది లేదు.

కోతలు, కన్నాలు పూర్తయ్యేసరికి వారం పట్టింది. జిగురు పెట్టకుండా ఒకసారి బిగించి చూడటం మా అలవాటు. మొదటి రెక్క బిగించి, దాని మీద కొలతబద్ద అడ్డంగా పరిచాను. బద్ద మీద రెక్క వెడల్పుకి పెట్టిన గాటు చెక్క అంచు దాటి బయటికి వచ్చింది. బద్దని తిప్పి పెట్టాను. మళ్లీ అంతే. రెండో రెక్క బిగించాం. అదీ అంతే.

"ఏవండీ, ఒకసారి ఇటు రండి."

"ఏంటే?"

"తలుపు చిక్కిపోయింది."

"ఎండలో పెట్టావా?"

"మీ అత్తగారి వయసు ఉంది ఈ కర్రకి. ఇప్పుడు ఎండలో పెడితే చిక్కుతుందా? లేచి చూడండి."

ఒక్కో రెక్క ఒక నూలు తగ్గింది. రెండూ కలిస్తే మధ్యలో పావు అంగుళం సందు. గదిలో దీపం వెలిగిస్తే వీధిలోకి గీతలాగ కనపడుతుంది. కోడలు బద్దని తనూ ఒకసారి పరిచి చూసింది.

ఒక అడ్డ చెక్క ఊడదీసి వెలుగులో పెట్టి చూశాను. నేను గీసిన కత్తి గీత అందులో సగమైనా ఉండాలి. సరిగ్గా కోస్తే గీతలో సగం రంపంతో పోయి, సగం చెక్క అంచున మిగులుతుంది. వేలితో తడిమితే తెలుస్తుంది. ఇక్కడ గీత ఆనవాలు కూడా లేదు.

"అమ్మాయ్, రంపం ఎటు పక్క పెట్టావు?"

"ఇంటూ గుర్తున్న పక్కేనండి."

"గుర్తున్న పక్కా? ఎందుకు?"

"అటే కదండీ రంపం పెట్టేది. మా నాన్న దగ్గర పోయే పక్కనే ఇంటూ కొడతారండి."

నేను మా ఆయన వంక చూశాను. ఆయన పైకప్పు వంక చూశారు.

అది ఇంటూ కాదు. సిలువ. మా మామగారు చర్చికి బల్లలు చేసిన మనిషి. కోయగా పోయిన ముక్కలు మా ఇంట్లో పొయ్యిలోకే వెళ్తాయి. సిలువ గుర్తున్న ముక్కని పొయ్యిలో పెట్టడం ఆయనకి సరిపడలేదు. అందుకని ఆ గుర్తు ఉంచుకునే పక్క పెట్టాలని నియమం చేశారు. ఆయన దగ్గర మా ఆయన నేర్చుకున్నారు, వాళ్లిద్దరి దగ్గర నేను నేర్చుకున్నాను. మూడో మనిషి కోసం నేనెప్పుడూ గీత గీయలేదు. బయట అందరూ పారేసే పక్కకే ఆ గుర్తు కొడతారని నాకు ఆ రోజే తెలిసింది.

"అది సిలువ. సిలువ ఉన్న పక్క ఉంచుకోవాలి" అన్నాను.

"సిలువైతే నిలువుగా ఉండాలి కదండీ. మీది పక్కకి పడుకుంది."

మా ఆయనకి నవ్వు ఆగలేదు. భుజం నొప్పి వచ్చి "అబ్బా" అంటూనే నవ్వారు. ఆ పిల్ల మాత్రం నవ్వించడానికి అనలేదు. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. అన్నమాట అన్నమాటే అనుకుందేమో, చీపురు తీసుకుని రంపపు పొట్టు ఊడ్చి, లోపలికి వెళ్లింది. కంపెనీకి పట్టుకెళ్లే క్యారేజీ గిన్నె అటక మీంచి దించి తోమడం మొదలుపెట్టింది. ఆ చప్పుడు షెడ్డులోకి వినపడుతూనే ఉంది.

మా ఆయన ఎడమ చేత్తో అడ్డ చెక్కలన్నీ ఊడదీశారు. ఒకదాని పక్కన ఒకటి బల్ల మీద నిలబెట్టి, కోత మీద బొటనవేలు నడిపారు. వేలు ఎక్కడా ఎక్కి దిగలేదు. ఆ తరవాత ఒక్కోదానికీ మూలమట్టం పెట్టి కిటికీ వైపు ఎత్తి చూశారు. మట్టానికి, చెక్కకి మధ్య వెలుతురు రాలేదు.

"ఇదిగో, చూడు. అన్నీ ఒకేలాగ తగ్గాయి" అన్నారు.

"తగ్గితే తగ్గినట్టే కదా."

"నేనైతే పది చెక్కలు కోస్తే ఒకటి అటు, ఒకటి ఇటు పోతుంది. ఇన్నేళ్లు నువ్వు గొణుక్కుంటూ ఉలితో సరిచేశావు. ఇందులో ఉలి పెట్టాల్సింది ఒక్కటీ లేదు. తప్పు పక్క కోసిందే గానీ వంకరగా కొయ్యలేదే."

"మరి చెడిందా, లేదా?"

"తలుపు చెడింది. చెడగొట్టింది ఆ పిల్ల చెయ్యి కాదు."

"అంటే నేనంటారా?"

"నేనేమీ అనలేదు."

"అనకండి."

ఆయన పీట మీద కూర్చుని మళ్లీ సీసా అదుముకున్నారు. నేను చెక్కలు ఇంకోసారి చూశాను. ఆయన మాట మీద నమ్మకం లేక కాదు, నా కళ్లతో చూడందే నాకు తృప్తి ఉండదు. నా మూలమట్టంతోనే చూశాను. తప్పు పట్టుకుందామంటే వాలు లేదు, పెచ్చు లేదు. నేను పెట్టిన షరతు తలుపు గురించి. తలుపు కుదరలేదు, అది నిజమే. కానీ ఆ షరతు పెట్టింది ఆ పిల్ల చెయ్యి చూద్దామని. చెయ్యి చూశాను.

వంటింట్లోకి వెళ్లాను.

"ఆ గిన్నె ఎందుకు తోముతున్నావు?"

"రేపు వ్యాను వస్తుంది కదండీ."

"తోమి దాచిన గిన్నె మళ్లీ తోమితే సబ్బు దండగ. అటక మీద పెట్టి రా. తలుపుకి బద్ద అతకాలి."

ఆ పిల్ల నా మొహంలోకి చూసింది, నిజమా కాదా అన్నట్టు. "ఏంటి చూస్తావు? జిగురు వేడి చెయ్యి" అన్నాను.

రెండు రెక్కల తలుపుకి మధ్యలో సందు మూసే పట్టీ ఎలాగూ ఉంటుంది. ఎడమ రెక్క అంచుకి అదే టేకు నుంచి పావు అంగుళం బద్ద తీసి అతికితే, అతుకు ఆ పట్టీ కిందకి పోతుంది. దూలంలో చెద తిన్న ముక్క పక్కన అంత సన్నటి బద్ద దొరికింది. పారెయ్యకుండా దాచాను కాబట్టి దొరికింది. దాన్ని కోడలే కోసింది. ఈసారి గీత పక్కన నిలబడి, రంపం ఎటు దిగాలో వేలు పెట్టి చూపించాను.

గుర్తు సంగతి కూడా ఆ రోజే తేల్చాం. సిలువ మాననన్నాను. ఉంచుకునే పక్కే ఉంటుంది, ఇకనుంచి నిలువుగా పెడతాను. పోయే పక్క కత్తితో గడ్డిపరకల్లాగ నాలుగు అడ్డదిడ్డం గీతలు. రెండు పక్కలా గుర్తు ఉంటే ఎవరూ పొరపడరు. "పని రెట్టింపు కదే" అన్నారు మా ఆయన. "తలుపు రెండుసార్లు చేసే పనికన్నా తక్కువే" అన్నాను.

టీచరు గారు తలుపు చూడటానికి వచ్చినప్పుడు ఇంకా బిగించని పట్టీ ఎత్తి అతుకు చూపించాను.

"గట్టిగా ఉంటుందా?" అని అడిగారు.

"కర్ర విరుగుతుంది గానీ అతుకు విడదండి."

"మా అమ్మ ఇంటి కర్రేనా?"

"అదేనండి."

"మరి బాగానే ఉందిగా. నాకు చూపించకపోతే తెలిసేదే కాదు."

"తరవాత ఎప్పుడో మీరే చూసి అడిగితే నాకు బాగోదండి."

ఆమె తలుపు మీద చెయ్యేసి నిమిరారు. వెళ్తూ వెళ్తూ, వంటింటికి ఒక గూళ్ల బల్ల కూడా చెయ్యాలని, దానికి కర్ర మమ్మల్నే చూడమని అన్నారు.

ఆ బల్ల పని మొదలుపెట్టేముందు కోడలిని వెంటబెట్టుకుని రాజమండ్రి వెళ్లాను. కోసే మనిషికి గీత కూడా తెలియాలి. నా కళ్లు ఎన్నాళ్లు ఉంటాయి? అలాగని ఒకే మూలమట్టం ఇద్దరు వాడితే ఎవరో ఒకరు కింద పడేస్తారు, ఆపైన నువ్వంటే నువ్వని పోట్లాట. మూలమట్టం ఒకసారి కింద పడిందంటే దాన్ని మళ్లీ నమ్మడానికి లేదు.

ఇనప సామాన్ల కొట్టతను నాలుగైదు రకాలు బల్ల మీద పెట్టాడు. మెరిసేవి, రంగు పిడివి, అంగుళాలు రాసినవి. నేను సంచిలోంచి చిత్రికపట్టిన చెక్క ముక్క తీశాను.

"అమ్మగారూ, కంపెనీ సరుకండీ. చూడక్కర్లేదు" అన్నాడు కొట్టతను.

"చూస్తే అరిగిపోతుందా నాయనా?"

చెక్క కోడలి చేతికిచ్చాను. ఎలా చూడాలో ఒక్కసారే చెప్పాను. మట్టాన్ని అంచుకి ఆనించి ఒక గీత గియ్యాలి. దాన్ని బోర్లా తిప్పి, అదే అంచుకి అవతలి వైపు నుంచి ఆనించి, అదే చోట ఇంకో గీత గియ్యాలి. రెండూ ఒకదాని మీద ఒకటి పడితే మట్టం నిక్కచ్చిగా ఉన్నట్టు. పైకి పోయేకొద్దీ విడిపోతే, ఆ విడిపోయిన దాంట్లో సగం దాని తప్పు.

మెరిసేది విడిపోయింది. రంగు పిడిది కూడా విడిపోయింది. కొట్టతను మొహం ముడుచుకున్నాడు.

"ఎవరికమ్మా ఇంత పరీక్ష? మీ అబ్బాయికా?"

"కోడలికి."

"కోడలికి మూలమట్టమా! బంగారం అడగవమ్మా మీ అత్తగారిని?"

"బంగారం తిప్పి చూస్తే వంకర తెలీదు కదండీ" అంది మా కోడలు, తల ఎత్తకుండా గీస్తూనే.

అతను నవ్వి, లోపలికి వెళ్లి దుమ్ము పట్టిన అట్టపెట్టె ఒకటి తెచ్చాడు. అందులో పైనున్నది చెక్క పిడి, నల్లటి రేకు. చూడ్డానికి ఏమీ బాగోలేదు. గీసి, తిప్పి గీస్తే ఒకటే గీత కనపడింది. నేను తలూపాను. కోడలు మాత్రం ఆ పెట్టెలో ఉన్న ఇంకోటి కూడా తీసి గీసి చూసింది. "రెండూ బాగున్నాయండి, ఇది పిడి దగ్గర బిగువుగా ఉంది" అని రెండోది తీసుకుంది. నేను పిడి కదిపి చూడలేదు. ఆ మాట అక్కడ అనలేదు.

మర్నాడు గూళ్ల బల్ల చెక్క మీద మొదటి గీత ఆ పిల్లే గీసింది. కొలతబద్ద నుంచి గాటు దించుకుంది. ముందు మెల్లగా ఒకసారి, తరవాత గట్టిగా ఒకసారి. ఒక పక్క నిలువుగా సిలువ పెట్టింది, రెండో పక్క అడ్డదిడ్డం గీతలు గీసింది. కత్తి పక్కన పెట్టి నా వంక చూసింది.

కళ్లజోడు తుడుచుకుని వంగాను. బద్ద పెట్టి చూశాను, మట్టం పెట్టి చూశాను, అంచు తిప్పి వెనక ముఖం మీద గీత కలిసిందో లేదో చూశాను. కలిసింది. తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు.

"కొయ్యి" అన్నాను.